ఐదో నెల పాప సీసా ముట్టడం లేదు, వచ్చే నెల నేను ఆఫీసుకి వెళ్లాలి

ప్రశ్న: గుణదల అమ్మ

అందరికీ నమస్తే అండి. మా పాపకి ఐదో నెల నడుస్తోంది. పుట్టిన దగ్గర నుంచి నా పాలే. బరువు చక్కగా పెరుగుతోందని డాక్టర్ గారు చెప్పారు, అందులో ఏ బెంగా లేదు. బెంగంతా వచ్చే నెల గురించే. బీపీ ఎక్కువగా ఉండడంతో 26 వారాల లీవులో కొంత కాన్పుకి ముందే వాడుకోవాల్సి వచ్చింది. అందుకని పాపకి ఆరు నెలలు నిండకుండానే డ్యూటీలో చేరాలి. పొద్దున తొమ్మిదిన్నరకి బయల్దేరితే మళ్లీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరవుతుంది. ఇంట్లో పాపని మా అత్తయ్యగారు చూసుకుంటారు.

సమస్యల్లా పాలసీసాతోనే. అందులో పోసేది పొడిపాలు కూడా కాదు, పంపుతో తీసిన నా పాలే. అయినా సీసా కనబడగానే పెదాలు బిగించేస్తుంది. ఎలాగోలా నోట్లో పెడితే చప్పరించదు, చిగుళ్లతో పాలపీకని కొరుకుతుంది, తర్వాత నాలుకతో తోసేస్తుంది. పాలన్నీ చెంప మీద నుంచి మెడ మడతల్లోకి కారిపోతాయి. అంత కష్టపడి తీసిన పాలు గుడ్డతో తుడుస్తుంటే నాకు ఏడుపు వస్తుంది. నేను వంటింట్లో ఉన్నా సరే, నా గొంతు వినబడితే చాలు, అటు తల తిప్పి గుక్కపట్టి ఏడుస్తుంది. సీసా మార్చి చూశాం, పీక మార్చి చూశాం. తేడా ఏమీ లేదు.

పక్కింటి పిన్నిగారు ‘ఒక పూట పస్తు పెట్టు, ఆకలేస్తే అదే తాగుతుంది’ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఆవుపాలలో సగం నీళ్లు కలిపి పడదామని అత్తయ్యగారు అంటున్నారు. మా ఆయన్ని అలాగే పెంచారట. ఆవిడ ప్రేమతోనే చెప్తున్నారు, ఎదురు చెప్పడం నాకు కష్టంగా ఉంది.

ఉద్యోగం మానేసే పరిస్థితి లేదు, పైగా నా పని నాకిష్టం. అలాగని పాపకి నా పాలు మాన్పించడమూ ఇష్టం లేదు. ఆ ఎనిమిదిన్నర గంటలు పాప ఏం తాగుతుందోనన్న టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. దారి తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: విశాఖ సిస్టర్

అమ్మా, నేను విశాఖలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ముందు ఒక మాట. పాప నేర్చుకోవాల్సింది సీసా కాదు, నువ్వు దగ్గర లేనప్పుడు నీ పాలు తాగడం. అది ఏ గిన్నెతో తాగినా ఒకటే. ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నప్పుడు సీసా కోసం ఇంత యుద్ధం ఎందుకు? మీ ఇంట్లో ఉగ్గుగిన్నె ఉందా?

మా వార్డులో చప్పరించే ఓపిక లేని పిల్లలకి తల్లిపాలు పట్టేది దానితోనే. డాక్టర్లు పాలాడై అంటారు, మన అమ్మమ్మలు ఉగ్గుగిన్నె అన్నారు. ముక్కున్న చిన్న గిన్నె, అంతే. లోపల మూలలు ఉండవు కాబట్టి కడగడం తేలిక, సబ్బుతో కడిగి నీళ్లలో పది నిమిషాలు మరిగిస్తే సరిపోతుంది. సీసా అలా కాదు. పీక లోపల, మూత మరల్లో పాల జిడ్డు పట్టి ఉంటుంది, విరేచనాలు అక్కడి నుంచే మొదలవుతాయి. పాలసీసాలకీ పొడిపాలకీ ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992 నుంచి చట్టం ఉన్నది ఊరికే కాదు.

అయితే పట్టే పద్ధతి పాతది వద్దు. కాళ్లు చాపుకుని, బిడ్డని వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఏడుస్తున్న నోట్లో గిన్నె వంచేసేవారు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, దయచేసి అలా చేయనివ్వకు. పాపని ఒళ్లో దాదాపు నిటారుగా కూర్చోబెట్టాలి, మెడకి చేతి ఆసరా ఉండాలి. గిన్నె ముక్కుని కింది పెదవి మీద ఆనించి, పాలు పెదవికి తగిలేంత వరకే వంచి ఆగాలి. మనం పోయకూడదు, పాపే జుర్రుకోవాలి. మొదట నాలుకతో నాకుతుంది, తర్వాత పై పెదవి ముందుకొస్తుంది, మింగిన చప్పుడు వినబడుతుంది. మింగాకే మళ్లీ వంచాలి. తల తిప్పుకుంటే చాలని అర్థం, అక్కడితో ఆపెయ్యాలి. గిన్నెలో మిగిలింది కదా అని బలవంతం వద్దు.

ఇక పస్తు మాట. ఆకలితో మాడుతున్న బిడ్డకి కొత్త విద్య ఎలా వస్తుందమ్మా? పుట్టిన కొత్తలో నోటికి ఏది తగిలినా పిల్లలు చప్పరించేస్తారు. మూడు నాలుగు నెలలు దాటాక అది వాళ్ల ఇష్టం మీద జరిగే పని అవుతుంది, అందుకే ఇప్పుడు కాదనడం తెలిసింది. నిద్ర లేచి హుషారుగా ఉన్నప్పుడు, ఆకలి ఇంకా మొదలవుతుండగా పట్టాలి. పట్టేది అత్తయ్యగారే కావాలి, నువ్వు గుమ్మం దాటి బయటికి వెళ్లిపోవాలి. పక్క గదిలో ఉంటే చాలదు, నీ వాసన, నీ గొంతు దానికి తెలుస్తాయి.

ఆవుపాలు వద్దని అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పు. ఏడాది నిండేదాకా తల్లిపాలకి బదులుగా అవి పనికిరావు. ఇనుము తక్కువ, మాంసకృత్తులూ లవణాలూ పసి మూత్రపిండాలు తట్టుకోలేనంత ఎక్కువ. నీళ్లు కలిపితే బలం కూడా సగమైపోతుంది. నీ మాటగా కాకుండా పిల్లల డాక్టర్ చేత చెప్పించు, గొడవ ఉండదు. నీ పాలు చాలని రోజు వస్తే డాక్టర్ రాసిన పొడిపాలు, డబ్బా మీద చెప్పిన కొలత ప్రకారం కలపండి. ఆదా కోసం పలచన చేయకూడదు.

తీసిన పాలు గది వేడి 25 డిగ్రీలు దాటకపోతే నాలుగు గంటలు ఉంటాయి. విజయవాడ ఎండల్లో ఆ లెక్క పెట్టుకోవద్దు, తీసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టెయ్. తలుపు అరలో కాదు, లోపల వెనక వైపు. అక్కడ నాలుగు రోజులు ఉంటాయి. డబ్బా మీద ప్లాస్టర్ అంటించి తేదీ, టైము రాయి. మీగడ పైకి తేలితే విరిగాయని పారబోయకండి, గుండ్రంగా తిప్పితే కలిసిపోతుంది. పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో వద్దు, వేడినీళ్ల గిన్నెలో డబ్బా ఉంచితే చాలు. పాప నోరు పెట్టి వదిలేసినవి రెండు గంటలు దాటితే వాడకూడదు.

జవాబు: ఖమ్మం నాన్న

చెల్లెమ్మా, సిస్టర్ గారు చెప్పిన మాట నిజమే. కానీ మా ఇంట్లో పెద్దవాళ్లు ఎవరూ లేరు, పగలు నేనే చూసుకుని రాత్రి షిఫ్టుకి పోయేవాణ్ని. ఒంటి చేత్తో గిన్నె పట్టడం నాకు కుదరలేదు, అందుకే సీసాయే అలవాటు చేశాం. మా బాబు కూడా మీ పాపలాగే పీకని నమిలి ఉమ్మేసేవాడు. మాకు పనికొచ్చింది చెప్తాను.

పీకని నోట్లో దూర్చడం మానేశాను. పై పెదవికి, ముక్కు కిందగా, మెల్లగా తాకించి ఆగేవాణ్ని. ఎంతసేపైనా సరే, వాడే నోరు పెద్దగా తెరిచి లోపలికి తీసుకోవాలి. తల్లి దగ్గర పిల్లలు చేసేది అదే కదా. సీసాని నిలువుగా ఎత్తకుండా దాదాపు అడ్డంగా పట్టుకునేవాణ్ని, పీకలో సగం దాకా పాలుంటే చాలు. నిలువుగా ఎత్తితే చప్పరించకపోయినా పాలు ధారగా పడతాయి, పొలమారుతుంది, అప్పటి నుంచి సీసాని చూస్తేనే భయం. నాలుగైదు గుక్కలయ్యాక సీసా కొంచెం కిందికి దించి ఊపిరి పీల్చుకోనిచ్చేవాణ్ని. సగంలో ఈ చేతి మీద నుంచి ఆ చేతి మీదికి మార్చేవాణ్ని. పీక అన్నిటికంటే నెమ్మదిగా పారేది తీసుకోండి. నెల పెరిగిందని పెద్ద రంధ్రం ఉన్నది కొనాల్సిన పని లేదు.

ఇంకో సంగతి వేడి. గోరువెచ్చగా ఉన్నాయనుకుని ఇచ్చేవాళ్లం, వాడికి చాలేది కాదు. తల్లి ఒంట్లోంచి వచ్చే పాలు ఒంటి వేడితో ఉంటాయి. మణికట్టు లోపలి వైపు చుక్క వేస్తే చల్లగానూ వేడిగానూ తెలియకూడదు, అదే సరైన వేడి. పీకని కూడా ఇచ్చేముందు కాచిన వేడినీళ్లలో ముంచి తీసేవాణ్ని.

పాలిచ్చేటప్పుడు తల్లి కూర్చునే చోట, ఆ భంగిమలో కూర్చోలేదు. ముఖం బయటికి ఉండేలా వీపుని నా ఛాతీకి ఆనించుకుని, డాబా మీద నడుస్తూ పట్టాను. సాయంత్రం చిలకలు గుంపుగా వేపచెట్టు మీదికి చేరే వేళకి వాడి ధ్యాసంతా అటే. మొదటిసారి చప్పరింపు పడింది అలాగే. ఏడుపు మొదలైతే మాత్రం వెంటనే సీసా పక్కన పెట్టేసి ఎత్తుకుని తిప్పేవాణ్ని. సీసా అంటే ఏడుపు అని వాడి బుర్రలో పడకూడదు. మీ ఆయనకి కూడా ఒక పూట అప్పజెప్పి చూడండి. అత్తయ్యగారొక్కరి మీదే భారం పడకుండా ఉంటుంది.

జవాబు: న్యూజెర్సీ అమ్మమ్మ

మా అమ్మాయి కాన్పుకి వచ్చి ఇక్కడే ఉన్నాను అమ్మా. ఇక్కడ కేంద్ర చట్టం ఇచ్చే లీవు 12 వారాలు, అదీ జీతం లేకుండా. మూడో నెల దాటగానే మనవణ్ని డేకేర్‌లో దింపారు. అక్కడ ఒక్కొక్కరు నలుగురు పిల్లల్ని చూడాలి, ఉగ్గుగిన్నె అంటే కుదరదు. కాబట్టి సీసా తప్పలేదు.

వాడు పగలు అక్కడ చాలా తక్కువ తాగేవాడు. మా అమ్మాయి రాగానే కొంగు పట్టుకుని వదిలేవాడు కాదు, రాత్రంతా పాలే. మాకు భయమేసింది. పర్వాలేదని డాక్టర్ చెప్పారు. తల్లి ఇంట్లో లేని పిల్లలు పగటి పాలని రాత్రికి మార్చుకోవడం మామూలేనట. రోజుకి ఆరు డైపర్లైనా తడుస్తున్నాయా, బరువు పెరుగుతోందా అన్నవే చూసుకోమన్నారు. నీకూ అలా జరగొచ్చు, పాలు తగ్గిపోయాయని కంగారు పడకు. తల్లి లేని ప్రతి గంటకీ 30 నుంచి 45 మిల్లీలీటర్ల లెక్కన పాలు ఉంచితే చాలని చెప్పారు. ఫ్రీజర్ నిండా నింపాలని ఒళ్లు హూనం చేసుకోకు.

ఇంకొకటి చూసుకో. ఫ్రీజర్‌లో పెట్టిన పాలు తీసి కరిగిస్తే సబ్బు వాసన వచ్చేవి, వాడు మొహం తిప్పేసేవాడు. అప్పటికప్పుడు తీసినవైతే అదే సీసాతో తాగేవాడు. తల్లిపాలలో కొవ్వుని విడగొట్టే లైపేజ్ వల్ల కొందరి పాలకి ఆ వాసన వస్తుందట. పాడైనట్టు కాదు, బిడ్డకి రుచించదు, అంతే. అప్పటి నుంచి మా అమ్మాయి పాలు తీసిన వెంటనే గిన్నెలో పోసి, అంచుల్లో చిన్న బుడగలు రాగానే, పొంగకముందే దించి చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టేది. ఆ వాసన మళ్లీ రాలేదు. నువ్వు కూడా దాచిన పాలు ఒకసారి నోట్లో వేసుకుని చూడు.

మళ్లీ: గుణదల అమ్మ

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. అత్తయ్యగారి బీరువాలో మా ఆయన వెండి ఉగ్గుగిన్నె దొరికింది. డాక్టర్ గారితో ఆవుపాల సంగతి చెప్పించాను, ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. పైగా గిన్నె పట్టే పని తనే చేస్తానన్నారు. నేను కింద షాపు దాకా వెళ్లి నిలబడ్డాను. మొదటి రోజు పెదవి మీద పడ్డ పాలు నాకి, గిన్నె ముక్కుని చేత్తో పట్టుకుని ఆడిందట. నిన్న మాత్రం గిన్నెడు పాలూ తాగి ఇంకా కావాలని గిన్నెని లాక్కుందని అత్తయ్యగారు ఫోన్ చేసి చెప్పారు. సాయంత్రం పూట మా ఆయన సీసాతో ప్రయత్నిస్తున్నారు, దాన్ని ఇంకా కొరకడమే. పాలు వాసన చూశాను, బాగానే ఉన్నాయి.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. మా ఆఫీసులో పాలు తీసుకోవడానికి గది లేదు. ఎలా అడగాలి?

జవాబు: విశాఖ సిస్టర్

చాలా సంతోషం తల్లీ. ఇక సీసా కోసం మీ ఆయన్ని తొందరపెట్టకు, గిన్నెతో తాగుతోంది కదా. ఆరు నెలలు నిండగానే మధ్యాహ్నం మెత్తటి పప్పన్నం, జావ మొదలవుతాయి, పగటిపూట పాల అవసరం కొంత తగ్గుతుంది.

ఆఫీసు సంగతికొస్తే, బిడ్డకి 15 నెలలు నిండేదాకా మామూలు విరామం కాకుండా రోజుకి మరో రెండు పాల విరామాలు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి చట్టంలోనే పెట్టారు. 50 మంది, అంతకు మించి ఉన్న చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని 2017లో చేర్చారు, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి రావచ్చు. మీ దగ్గర ఎంతమంది ఉన్నారో చూసుకో. నోటితో అడగకు, చేరడానికి ముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు. లోపల గడియ పడే గది, ఒక ప్లగ్గు, చేతులు కడుక్కునే చోటు కావాలని రాయి. బాత్రూంలో తీసుకోమంటే ఒప్పుకోవద్దు, అది బిడ్డ తాగే ఆహారం. మూడు గంటలకోసారి తీస్తే పాలు గడ్డకట్టవు, రావడమూ తగ్గదు. ఐస్ ప్యాకులున్న బ్యాగులో పాలు 24 గంటల దాకా ఉంటాయి కాబట్టి ఫ్రిజ్ లేకపోయినా ఫర్వాలేదు. వాళ్లేమన్నారో ఇక్కడ రాయి. మా వార్డులో లీవు అయిపోయి వచ్చే నెల చేరబోతున్న ఇంకో సిస్టర్ కూడా ఇదే అడుగుతోంది.