ఎంట్రీ మధ్యల లాగిన్ పోతంది: అడగకముందు ఏమేం వివరాలు తీయాలె?

ఎనుమాముల గుమస్తా:
మాది ఎనుమాముల మార్కెట్ల మిర్చి అడ్తి దుకాణం. రైతు పేరు, బస్తాలు, తూకం, ధర ఎక్కియ్యడానికి ఒక వెబ్ అప్లికేషన్ ఉన్నది. పీహెచ్‌పీల రాసింది, ఉబుంటు సర్వర్ మీద నడుస్తది. చేసిచ్చినాయన దుబాయ్ పోయిండు, ఫోన్ ఎత్తడు. జెండా పాట (మార్కెట్ వేలం) అయినంక ఎంట్రీ మొదలువెట్టి, మధ్యల కాంటా కాడికి పోయొచ్చి సేవ్ నొక్కంగనే లాగిన్ పేజీ వస్తది. ఎక్కించిందంతా గాయబ్. ఒక్కోసారి ముప్పావు గంట వదిలేసినా ఏం గాదు, ఒక్కోసారి అర్ధగంట గూడ ఆగది. సెషన్ ఎనిమిది గంటలుండాలని కోడ్‌ల రాసే ఉన్నది, నేను చూసిన. హోస్టింగోళ్లు "మా దిక్కు అంతా మంచిగనే ఉన్నది" అంటున్నరు. ఇంకెవరినన్నా అడగాలంటే ఏం పట్టుకొని పోవాలె?

పోచమ్మమైదాన్ పోరడు:
క్యాషె, కుకీలు క్లియర్ చేసి చూడు అన్నా. కాకుంటే వేరే బ్రౌజర్.

కాజీపేట జంక్షన్:
తమ్మీ, ఇప్పుడే ఏదీ క్లియర్ చెయ్యకు, ఉన్న ఆనవాళ్లు గూడ పోతయి.

సెషన్ అంటే నువ్వు లాగిన్ అయినవని సర్వర్ యాదుంచుకునుడు, మీ కాంటా చీటీ లెక్కనే. చీటీ, అంటే కుకీ, రైతు చేతిల ఉంటది. అసలు లెక్క దుకాణంల బుక్కుల ఉంటది. చీటీ పోయిందా, బుక్కుల పేజీ చింపిండ్రా, రెండూ ఉన్నా గుమస్తా ఒప్పుకుంటలేడా? ముందుగాల గిది తేల్చాలె. తేల్చకుండ సెట్టింగులు మారుస్తె ఏది పనిచేసిందో నీకే తెల్వది.

క్రోమ్‌ల ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌ల "ప్రిజర్వ్ లాగ్" టిక్ పెట్టు. అది లేకుంటే లాగిన్ పేజీ రాంగనే వెనుకటిదంతా తుడుచుకపోతది. సేవ్ రిక్వెస్ట్ పట్టుకో, 302 (వేరే పేజీకి మళ్లించినట్టు గుర్తు) అని ఉంటది. దాని హెడర్లల పీహెచ్‌పీసెస్ఐడీ కుకీ ఉన్నదా, పొద్దుగాల లాగిన్ అయినప్పటి నంబరేనా? లేకుంటే తప్పు బ్రౌజర్ దిక్కు వెతకాలె. ఉంటే సర్వర్ల వార్/లిబ్/పీహెచ్‌పీ/సెషన్స్ ఫోల్డర్‌ల ఆ నంబర్ ఫైల్ ఉన్నదా చూడు. సేవ్ నొక్కకముందే చూడాలె, యాదుంచుకో. నొక్కినంక అదే పేరుతోని ఖాళీ ఫైల్ కొత్తగ పుట్టొచ్చు, ఉన్నదనుకొని మోసపోతవ్.

టైం నిమిషంతో సహా రాయి. "మధ్యాహ్నం పూట" అంటే లాగ్‌ల ఎవరూ వెతకలేరు. సర్వర్ యూటీసీల (ప్రపంచ ప్రామాణిక టైంల) ఉంటే మన గడియారానికి 5:30 గంటలు వెనుక నడుస్తది. ఎవరెవరిది పోయింది, అప్పుడు వాళ్లు ఏం చేస్తున్నరు, దుకాణం వైఫైనా ఫోన్ డాటానా, అవి గూడ.

ఒకటి మాత్రం పైలం. హార్ ఫైల్ (నెట్‌వర్క్ ట్యాబ్ రికార్డంతా దాచిన ఫైల్) అడిగితే గ్రూపుల పెట్టకు. కుకీ నంబర్ దొరికినోడు పాస్‌వర్డ్ లేకుండనే మీ లెక్కలల్లకొస్తడు. క్రోమ్ 130 నుంచి మామూలుగ కుకీలు తీసేసిన హారే ఇస్తంది, కానీ లాగిన్ ఫారంల కొట్టిన పాస్‌వర్డ్ అండ్ల ఉండొచ్చు.

ఎనుమాముల గుమస్తా:
అన్నా, పట్టుకున్న. కుకీ సర్వర్‌కు చేరుతంది, నంబర్ అదే. ఫైలే లేదు. 11:35కి చూస్తే ఉన్నది, 11:40కి లేదు. పగటీలి 2:09 దాటినంక ఇంకొకలది గూడ గట్లనే పోయింది. కాంటా కాడికి పోయినోళ్లయే పోతున్నయి. విడువకుండ ఎక్కిస్త కూసున్న పిలగానిది ఒక్కసారి గూడ పోలేదు.

కాజీపేట జంక్షన్:
39, 9. ఇగ దొరికింది.

ఉబుంటు, డెబియన్‌లల పాత సెషన్ ఫైళ్లు ఊడ్చే పని పీహెచ్‌పీకి ఇయ్యరు. పీహెచ్‌పీసెషన్‌క్లీన్ అని వేరే టైమర్ ఉంటది, ప్రతి గంటల 9వ నిమిషానికి, 39వ నిమిషానికి నడుస్తది. (మనకూ యూటీసీకీ ఐదున్నర గంటల తేడా ఉన్నందుకు గడియారం ఏదైనా గవే నిమిషాలు వస్తయి.) అది పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ, దాని పక్కనుండే కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌ల సెట్టింగ్ ఫైళ్లే చదువుతది. మీ ఆయన కోడ్‌ల ఐఎన్ఐ సెట్‌తోని రాసిన ఎనిమిది గంటలు దానికి కనవడయి. ఐఎన్ఐల జీసీ మ్యాక్స్‌లైఫ్‌టైమ్ (ముట్టుకోని సెషన్ ఎంతసేపు ఉంచాలె అనే సెట్టింగ్) ఏం మార్చకుంటే 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. గందుకే ముట్టుకోని సెషన్ ఒకసారి 25 నిమిషాలకే పోతది, ఇంకోసారి 50 దాటినా బతుకుతది.

ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని నడిపే సర్వీస్) ఫోల్డర్‌ల ఉన్న ఐఎన్ఐల ఆ సెట్టింగ్‌కు 28800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు పెట్టి, ఎఫ్‌పీఎం రీస్టార్ట్ చెయ్యి. పూల్ ఫైల్‌ల (ఎఫ్‌పీఎందే ఇంకో సెట్టింగ్ ఫైల్) పెడితే మళ్ల గదే కథ, ఊడ్చేదానికి కనవడది. తర్వాత ఒక 39 దాటినంక ఫోల్డర్ చూసి చెప్పు.

జమ్మికుంట విత్తనాలు:
మాకు పేమెంట్ కట్టి వెనుకకు రాంగనే లాగిన్ పోతది. నేను టెస్ట్ చేస్తె మంచిగనే వస్తది, కస్టమర్లకు పోతది. గదేనా?

కాజీపేట జంక్షన్:
కాకపోవచ్చు. మీ దాంట్ల కుకీ వస్తనే ఉండకపోవచ్చు. పేమెంట్ గేట్‌వే పోస్ట్‌తోని (ఫారం పంపే పద్ధతిల) తిప్పి పంపితే, సేమ్‌సైట్ లాక్స్ అని రాసిన కుకీ, అంటే వేరే సైట్ నుంచి వచ్చే పోస్ట్‌తోని పోవద్దని గుర్తున్న కుకీ, రాదు. క్రోమ్ 80 నుంచి, అంటే 2020ల, సేమ్‌సైట్ ఏం రాయని కుకీని గూడ లాక్స్ కిందనే లెక్కవెడుతున్నరు. గట్ల రాయని కుకీకి పుట్టినంక రెండు నిమిషాలు మినహాయింపు ఉన్నది. నువ్వు జల్దిన కట్టి వస్తవు, కస్టమర్ ఓటీపీ కోసం ఆగుతడు. తిరిగొచ్చిన రిక్వెస్ట్‌ల కుకీ లైన్ ఉన్నదా లేదా చూసి, వేరే థ్రెడ్ తెరువు.