సమాధానపరచు, సమాధానపడు: ఎవరి పని ఏది?

బైబిల్లో క్రీస్తు గురించి ఉన్న ‘ఆయన మన సమాధానమై యుండి’ అన్న మాట (ఎఫెసీ 2:14) పట్టుకొని, సమాధానం అంటే జవాబు కదా, మనిషి జవాబు ఎలా అవుతాడు అని ఒకరు అడిగారు.

ఇక్కడ సమాధానం అంటే శాంతి, సఖ్యత. సం, ఆ అనే ఉపసర్గలు ‘ధా’ ధాతువుకు చేరితే వచ్చిన మాట: చేర్చి కుదురుగా ఉంచడం. సంధి కూడా ఆ ధాతువుదే. కొలొస్సీ 1:20లో ‘సిలువ రక్తముచేత సంధిచేసి’ అని మొదలై, అదే వాక్యంలో ‘సమాధానపరచుకొన’ అని వస్తుంది. ఒక్క ధాతువు నుంచి పుట్టిన రెండు మాటలు పక్కపక్కనే. తెలుగులో ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కలపాలంటే ముందు ఏదో విడిపోయి ఉండాలి కదా. ‘మీ దోషములు మీకును మీ దేవునికిని అడ్డముగా వచ్చెను’ అంటుంది యెషయా 59:2. హీబ్రూలో ఆ క్రియ, ఆదికాండం 1:4లో వెలుగునూ చీకటినీ ‘వేరుపరచెను’ అన్న క్రియ ఒకటే. పాపం వేరుచేసేది దేవుణ్ణీ మనిషినీ మాత్రమే కాదు. హవ్వను మొదట చూసినప్పుడు ఆదాము అన్నమాట ‘నా యెముకలలో ఒక యెముక’. దేవుడు వద్దన్న పండు తిన్నాక అన్నమాట ‘నాతో నుండుటకు నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే’. మధ్యలో ఒక్క అధ్యాయం కూడా నిండలేదు, ‘నా’ పోయి ‘ఈ’ వచ్చేసింది. ఆమె పక్కనే ఉంది, అయినా ఎవరో పరాయి మనిషి గురించి చెప్పినట్టు చెప్పాడు. పైగా ‘నీవు నాకిచ్చిన’ అని దేవుడి మీదా ఒక మాట వేశాడు.

ఇక అసలు విషయం. అపొస్తలుడైన పౌలు రాసిన 2 కొరింథీ పత్రిక 5వ అధ్యాయంలో దేవుడు చేసే పనికి ‘సమాధానపరచుకొని’ అని ఉంది. మనల్ని బతిమాలే చోట ‘సమాధానపడుడి’ అని ఉంది. పరచు అంటే చేసేవాడు ఆయన. కొను అంటే తన కోసం, తనతో కలుపుకోవడానికి. మనకు మిగిలింది ‘పడు’. దేవుణ్ణి మీరు సమాధానపరచండి అని పౌలు ఎక్కడా రాయలేదు. తప్పు జరిగింది ఎవరి పట్లో, ఆయనే ముందు నడిచి వచ్చాడు.

నాకు ఈ తేడా వ్యాకరణం చదివి తెలియలేదు. అమ్మ వైద్యానికి అన్నయ్య పంపిన డబ్బులో కొంత సొంతానికి వాడుకొని, లేదని అబద్ధం చెప్పాను. ఆ తర్వాత మూడేళ్లు తప్పించుకు తిరిగాను. వాడి పేరు కనిపిస్తే ఫోన్ బోర్లా పెట్టేసేదాన్ని, చేతులు వణికేవి. ఒకరోజు చెప్పకుండా వచ్చి తలుపు కొట్టాడు. ‘డబ్బు సంగతి నాకు అప్పుడే తెలుసే. నువ్వు ఫోన్ ఎత్తకపోవడమే తట్టుకోలేకపోయాను’ అన్నాడు. నేను చేసిందల్లా తలుపు తీయడం, ఏడవడం.

• అయితే తప్పు చేసినవాళ్లు ఊరికే కూర్చుంటే సరిపోతుందా అండీ?

లేదండీ. మత్తయి 5:23, 24 చూడండి. నీ మీద నీ సహోదరుడికి విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ బలిపీఠం ముందే వదిలేసి ‘మొదట వెళ్లి’ సమాధానపడమని ఉంది. అక్కడా ‘పడు’ అనే ఉంది, కానీ దానికి కాళ్లున్నాయి, లేచి వెళ్లాలి. నేను వెళ్లాల్సింది, వెళ్లలేదు, వాడే వచ్చాడు. ఆ డబ్బు ఇప్పుడు నెలనెలా కొంచెం కొంచెంగా ఇస్తున్నాను. అన్నయ్య వద్దంటాడు. నేను పంపుతూనే ఉన్నాను.