‘అట’ తీసేస్తే ఏం పోతుంది?

మొన్న ఇక్కడ ఒకరు అడిగారు: ‘వచ్చాడట, పోయాడట అంటాం కదా, ఆ చివరి ట అవసరమా? తీసేస్తే అర్థం ఏమైనా మారుతుందా?’ అని. ‘విన్నమాట అని చెప్పడానికి’ అంటూ చాలామంది ఒక్క ముక్కలో జవాబిచ్చారు. అది సరైన జవాబే. కానీ ఆ ఒక్క అక్షరం మన ఇళ్లలో ఇంకో పని కూడా చేస్తుంది. నాకు బాగా ఇష్టమైన పని అది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

2023 జులై గుర్తుండే ఉంటుంది. నెలాఖరుకు మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో 200 రూపాయల దాకా పోయింది. ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మితే జనం పొద్దున్నే వచ్చి లైన్లు కట్టారు. అలాంటి ఒక పొద్దున మా నాన్న వరండాలో కూర్చుని పేపర్లో ఆ ధర పైకి చదివారు. లోపల చింతపండు పిసుకుతున్న నాయనమ్మ, చెయ్యి గిన్నెలోంచి తియ్యకుండానే, గోడ అవతల ఉన్న పిన్నిగారికి వినపడేలా అంది: ‘విన్నావా అమ్మాయ్, టమాటా కిలో రెండొందలట!’

పిన్నిగారు ఊరుకుంటారా? ‘ఇంకేముంది అత్తయ్యగారూ, ఇక ఆడపిల్లకు సారెలో లడ్డూలు కాదు, టమాటాల బుట్ట పెట్టాలట.’

ఈలోగా మా బాబాయి కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. ‘బ్యాంకులో బంగారం లోను పక్కనే టమాటా లోను కూడా పెడుతున్నారట పిన్నిగారూ. పచ్చికాయలు తాకట్టు పెడితే ఎక్కువిస్తారట, గడువు తీరేలోపు పండుతాయని.’

నాయనమ్మ దానికి ఇంకో మెట్టు ఎక్కింది. ‘చారులో టమాటా వేసి, ఒక్క పొంగు రాగానే గరిటెతో తీసేసి, కడిగి మళ్లీ బుట్టలో పెట్టుకోవాలట. పక్కింటివాళ్లు బదులడిగితే ఆ కాయే ఇవ్వచ్చట.’ పదో తరగతి చదువుతున్న మా తమ్ముడు బూట్లు వేసుకుంటూ, స్కూల్లో ఫస్టు వచ్చినవాళ్లకు కప్పు బదులు కిలో టమాటాలట, సెకండుకు అరకిలోనట అని బయల్దేరాడు.

ఇప్పుడు ఆ మాటల్ని వరసగా చూడండి. నాన్న చదివిన వాక్యంలో ‘ట’ లేదు. వార్త రాసేవాళ్లు దాని బదులు ‘తెలిసింది’ అనో, ‘సమాచారం’ అనో రాస్తారు. నాయనమ్మ మొదట అన్న ‘రెండొందలట’ అచ్చమైన విన్నమాట. పేపర్లో ఉంది, నాన్న చదివాడు, ఆమె చేరవేసింది. ఆ తర్వాతవన్నీ ఊహలు. అయినా అక్షరం మారలేదు, సంధి మారలేదు. వందలు + అట = వందలట. పెడుతున్నారు + అట = పెడుతున్నారట. రెండూ ఒకటే. మారింది గొంతు. మొదటి ‘ట’ పొట్టిగా, కొట్టినట్టు పలికింది. టమాటా లోను దగ్గరికి వచ్చేసరికి అది ‘టా’ అని సాగింది. మా ఇంట్లో అందరూ అలాగే సాగదీస్తారు, మీరూ ఈసారి గమనించి చూడండి.

అదే ‘ట’ తీసేసి చెప్పండి. ‘బ్యాంకులో టమాటాకు లోను ఇస్తారు.’ ఇది అబద్ధం. ‘ఇస్తారట’ అంటే మాత్రం ఎవరూ మోసపోలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరన్నారని ఎవరూ అడగలేదు కూడా. నిజమైన వార్తను చేరవేసే అక్షరంతోనే మనం ఊహకు కూడా దారి తెరుస్తాం. పైగా విన్నవాళ్లు నవ్వుతూ ఇంకో ‘ట’ కలుపుతారు.

పోతన భాగవతం మొదట్లో చెప్పిన కంద పద్యం అందరికీ నోటికి వచ్చిందే:

పలికెడిది భాగవత మఁట,
పలికించెడివాఁడు రామభద్రుం డఁట, నేఁ
బలికిన భవహర మగునఁట,
పలికెద, వేఱొండు గాథఁ బలుకఁగ నేలా!

మూడు ‘అట’లు పెట్టి, నాలుగో పాదంలో ‘పలికెద’ అని ఊరుకున్నాడు. చెప్పేది భాగవతమని, చెప్పించేది రాముడని, చెబితే పుణ్యమని, అవన్నీ పెద్దల మాట. చెబుతాను అనేది మాత్రం తన మాట. అక్కడ ‘అట’ పెట్టడానికి లేదు. ఈ పద్యం చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను గానీ, ఆ తేడా నాకు పట్టుబడింది ఈమధ్యే.

మన గురించి మనమే చెప్పుకునేటప్పుడు కూడా ‘ట’ వస్తుంది. ‘నేను చిన్నప్పుడు గోడ సున్నం గీక్కుని తినేదాన్నట.’ నాకు గుర్తులేదు, అమ్మ చెప్పింది. ‘నేను దొంగనట!’ అంటే మాత్రం కోపం. వాళ్లు అన్నారు, నేను ఒప్పుకోను అని. అంత కోపమూ ఆ ఒక్క అక్షరంలోనే ఉంది.

ఒకరు ‘అంట’ తప్పా అని కూడా అడిగారు. తప్పు కాదు. తెలంగాణలో ‘వచ్చిండంట’, సీమలో ‘వచ్చినాడంట’. పని ఒకటే.

‘ట’ రాలిపోతే ఏమవుతుందో 2016 నవంబరులో చూశాం. 8వ తేదీ రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. కొత్త 2000 నోటులో చిప్ ఉందట, భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహం కనిపెడుతుందట అని మొదలైన మాట, ఫోన్ నుంచి ఫోన్‌కు పోతూ పోతూ ‘చిప్ ఉంది’ అయి కూర్చుంది. అలాంటిదేమీ లేదని చివరికి రిజర్వు బ్యాంకు వైపు నుంచి చెప్పాల్సి వచ్చింది. ఆ వారంలోనే ఉప్పు దొరకదన్న పుకారు లేచి, ఢిల్లీలో, ఉత్తరప్రదేశ్‌లో జనం రాత్రికి రాత్రి కొట్ల మీద పడ్డారు. ‘దొరకదట’ అని విన్నవాడు నిజమా అని ఒకసారి ఆగుతాడు. ‘దొరకదు’ అని విన్నవాడు సంచీ పట్టుకుని పరిగెత్తుతాడు. నాకు వచ్చే ఫార్వర్డులకు నేను చేత్తో ‘ట’ చేర్చి పంపుతాను. మా బంధువులకు ఇప్పుడు అలవాటైపోయింది.

టమాటా సంగతి మిగిలింది. ఆ సెప్టెంబరుకల్లా ధర కిలో పది రూపాయల లోపుకు పడిపోయింది. కర్నూలు జిల్లాలో రైతులు గంపలకు గంపలు రోడ్డు పక్కన కుమ్మరించారు. ఆ వార్త కూడా నాన్నే చదివారు. గోడ అవతల పిన్నిగారు ఉన్నారు, బాబాయి కూడా ఉన్నాడు. విన్నమాటే కాబట్టి వ్యాకరణం ప్రకారం నాయనమ్మ ‘పారబోశారట’ అనాలి. ఆమె చేతిలో కాయ పక్కన పెట్టి, ‘పారబోశారు’ అంది.