ఆర్మీలో కులం కోటా లేదు, మరి కుల సర్టిఫికెట్ దేనికి?

మర్రిగూడ:
అగ్నివీర్ (నాలుగేండ్ల ఆర్మీ కొలువు) నోటిఫికేషన్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ ఊసే లేదు. భర్తీ ర్యాలీకి తెచ్చుకునే కాగితాల్లో మాత్రం కుల సర్టిఫికెట్ ఉంది. కోటా లేనప్పుడు అది దేనికి? అమెరికా సైన్యంలో నల్లవాళ్లు ఎందరు, తెల్లవాళ్లు ఎందరు అన్న లెక్క బయట దొరుకుతది. మన దగ్గర అట్లాంటిది ఉందా? దేవరకొండ తండాల పిల్లలు, నారాయణపేట వలస కుటుంబాల పిల్లలు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నరు?

పానగల్లు చెరువు:
మన దగ్గర ఆ లెక్క బయటికి ఇయ్యరు. ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం వేసిన సచార్ కమిటీ సైన్యంలో ముస్లింల సంఖ్య అడిగితేనే సైన్యం అభ్యంతరం చెప్పింది. అమెరికాలో 1948లో ట్రూమన్ ఉత్తర్వుతో నల్ల, తెల్ల పటాలాల విభజన తీసెయ్యాలన్నరు. 1973లో నిర్బంధ భర్తీ ఆగింది. ఆ తర్వాత ‘పేదలే యుద్ధానికి పోతున్నరా’ అన్న ప్రశ్నకు ప్రభుత్వం ఏటా జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

మన సైన్యంలో వాటా కులానికి కాదు, రాష్ట్రానికి; అది అక్కడ భర్తీకి తగిన మగవాళ్ల జనాభాను బట్టి. కుల కాగితం రెజిమెంట్ల కోసం. జాట్, డోగ్రా, రాజ్‌పుత్ రెజిమెంట్లు కులం, ప్రాంతం చూసే మనిషిని తీసుకుంటూ వచ్చినయి. రాష్ట్రపతి బాడీగార్డ్‌లోకి జాట్లు, రాజ్‌పుత్‌లు, జాట్ సిక్కులనే తీసుకుంటమని సైన్యం సుప్రీంకోర్టులోనే చెప్పింది. మన పిల్లలు పదాతిదళంలో ఎక్కువగా మద్రాస్ రెజిమెంట్‌కు పోతరు, దాని సెంటర్ వెల్లింగ్టన్‌లో. గోల్కొండ ఆర్టిలరీ (ఫిరంగి దళం) సెంటర్, సికింద్రాబాద్ ఈఎంఈ (ఆయుధాలు, వాహనాల మరమ్మతు దళం) సెంటర్ వేరే దారి. 2022లో అగ్నివీర్ల భర్తీకి అగ్నిపథ్ పథకం తెచ్చినప్పుడు ఇకపై ‘ఆల్ ఇండియా, ఆల్ క్లాస్’, అంటే కులం, ప్రాంతం చూడం అన్నరు. అయినా కాగితం అడగడం ఆగలేదు.

ఒకప్పుడు ఉత్తరాదిన సిపాయిని ‘తిలంగా’ అనే పిలిచేటోళ్లు, అంత పేరున్నది తెలుగు సిపాయికి. 1880ల నుంచి కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తయనే ‘యుద్ధ జాతులు’ సిద్ధాంతం పట్టుకొని బ్రిటిష్‌వాళ్లు తెలుగువాళ్లను తగ్గించుకుంటూ పోయిన్రు. దళితుల చమార్ రెజిమెంట్ 1943లో పెట్టి 1946లో రద్దు చేసిన్రు. నిజాం కాలంలో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ పటాలం వారసత్వం ఇప్పుడు కుమావోన్ రెజిమెంట్‌ది. ఈ అన్యాయం మనం మరిచిపోకూడదు.

జడ్చర్ల గ్రౌండ్:
ఎక్కడ ఆగుతరంటే, పరుగు దగ్గర కాదు. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో కొడితే 60 మార్కులు, బీమ్ పట్టుకొని పుల్-అప్స్ 10 తీస్తే 40. పొలం పని చేసిన పిల్లలకు ఇది సాధనతో వస్తది. అసలు వడపోత అంతకు ముందు కాగితాల దగ్గర, ఆ తర్వాత మెడికల్‌లో.

అగ్నివీర్ జీడీ (జనరల్ డ్యూటీ)కి పదో తరగతిలో మొత్తం 45 శాతం, సబ్జెక్టుకు 33 కావాలె. గ్రేడ్ల మెమో అయితే మొత్తం మీద సీ-2. తల్లిదండ్రులతో వలస పోయి బడి తెగిన పిల్లలు ఓపెన్ స్కూల్‌లో పాసైతరు. ఆ సర్టిఫికెట్ మీద విద్యాశాఖ అధికారి సంతకం లేకపోతే ర్యాలీ గేటు దగ్గరే ఆపుతరు. కుల సర్టిఫికెట్‌లో మతం రాసి లేకపోతే తహసీల్దార్ నుంచి మత ధ్రువీకరణ వేరే తేవాలె. సర్పంచ్ ఇచ్చే నడవడి, పెళ్లికాలేదన్న పత్రాలు రెండూ ఫొటోతో ఉండాలె, 6 నెలలు దాటొద్దు. మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం: ఈ తేడా అప్లై చేసే ముందే సరిచేసుకోవాలె, మీసేవలో రోజులు పడతయి.

నల్గొండ జిల్లాకు ఇంకో గోస ఉంది. పాదాలు పక్కపక్కన పెట్టి నిలబడితే మోకాళ్లు తగిలి, చీలమండల మధ్య 5 సెంటీమీటర్ల కంటే ఎక్కువ ఎడం ఉంటే మెడికల్‌లో అన్‌ఫిట్. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పల్లెల్లో ఈ వంకర కాళ్లను 1970లలోనే జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) శాస్త్రవేత్తలు గుర్తించిన్రు. చిన్నతనంలో ఎముకకు పట్టినది ఇరవై ఏళ్లకు వ్యాయామంతో పోదు. పళ్లకు 22 పాయింట్లలో 14 రావాలె. పుచ్చినవి ముందే నింపించుకోండి. అన్‌ఫిట్ అంటే మౌనంగా ఇంటికి రావొద్దు, అక్కడికక్కడే రివ్యూ అడగాలె. మిలిటరీ హాస్పిటల్‌కు పంపుతరు.

అచ్చంపేట:
రిజర్వేషన్ కావాలంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) పెట్టే జీడీ కానిస్టేబుల్ పరీక్ష రాయించండి: బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్, సీఐఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాలకు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ కోటాలు అందులో ఉన్నయి. మగవాళ్లకు ఎత్తు 170 సెంటీమీటర్లు, ఎస్టీలకు 162.5. పరుగు 5 కిలోమీటర్లు, 24 నిమిషాలు. 2024 నుంచి పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడపిల్లలకు ఫీజు లేదు.

డబ్బు సంగతి కూడా ఇంట్లో కూర్చొని లెక్కేసుకోవాలె. అగ్నివీర్ మొదటి ఏడు నెలకు 30,000, అందులో 9,000 నాలుగేండ్ల చివర ఒకేసారి ఇచ్చే సేవానిధికి పోతది, చేతికి 21,000. నాలుగేండ్ల తర్వాత నూటికి 25 మందికి మించి ఉంచుకోరు, పింఛన్ లేదు. ఇంటికి ఆ పిల్లాడొక్కడే ఆధారమైతే జీడీ కానిస్టేబుల్ పరీక్షను వెనక్కి నెట్టొద్దు.

మర్రిగూడ:
బీసీ సర్టిఫికెట్ ఎస్ఎస్‌సీ జీడీకి సరిపోతదా అన్నా?

అచ్చంపేట:
సరిపోదు తమ్ముడూ. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులం కేంద్రం ఓబీసీ జాబితాలో లేదు. ముందు ఆ జాబితాలో పేరు చూసుకోండి. ఉంటే కేంద్రం నమూనాలో, క్రీమీలేయర్ కాదన్న మాటతో తహసీల్దార్ దగ్గర తీసుకోండి. నోటిఫికేషన్‌లో ఇచ్చిన తేదీల్లోదే చెల్లుతది. లేకపోతే జనరల్‌లో లెక్కగడతరు.