అప్‌డేట్: లెనిన్ సెంటర్ ర్యాలీలో చూసిన గుర్తు ఏంటో తెలిసింది

ఆగస్టు 6న విజయవాడ లెనిన్ సెంటర్ దగ్గర ‘యుద్ధం వద్దు’ ర్యాలీ ఎదురైందని, ఒక పెద్దాయన అట్ట మీద గుండ్రంలో మూడు గీతల గుర్తు ఏంటని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

జెండా సంకేతాలు, అంటే రెండు చేతుల్లో జెండాలు పట్టుకుని ఇంగ్లిష్ అక్షరాలు చూపే పద్ధతి, చూడమన్న ఎన్‌సీసీ అన్నయ్య మాటే కరెక్ట్. రెండు జెండాలూ ఏటవాలుగా కిందికి పడితే ఎన్. ఒకటి నిటారుగా పైకి, ఒకటి నిటారుగా కిందికి ఉంటే డి. ఈ రెంటినీ ఒకదానిమీద ఒకటి పెడితే ఆ మూడు గీతలు. ఎన్, డి అంటే న్యూక్లియర్ డిసార్మమెంట్, అంటే అణ్వస్త్రాలు వద్దని. 1958లో లండన్ నుంచి, బ్రిటన్ అణ్వస్త్ర కేంద్రం ఉన్న ఆల్డర్‌మాస్టన్‌కి సాగిన పాదయాత్ర కోసం జెరాల్డ్ హోల్టమ్ అనే డిజైనర్ గీశాడట. బెంజ్ కారు లోగో కాదు, దాంట్లో నిలువు గీత కిందిదాకా రాదు. పార్టీ గుర్తూ కాదు.

ర్యాలీ ఆగస్టు 6న పెట్టింది కూడా అందుకే: 1945లో హిరోషిమా మీద అణుబాంబు వేసిన రోజు. వానకి స్కెచ్ పెన్ ఇంకు కారిపోతున్నా, పెద్దాయన ఆ అట్టని గుండెకి ఆనించుకునే నడిచారు. వచ్చే ఏడు నేనూ వెళ్తాను.