ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్) నడుస్తున్న అకౌంట్‌ని కంట్రోల్ టవర్ (చాలా అకౌంట్లని ఒకేచోట నుంచి అదుపులో ఉంచే వాళ్ల సర్వీస్) కిందికి తెచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాది విజయవాడలో డయాగ్నస్టిక్ ల్యాబ్‌లకి రిపోర్టుల సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ, ప్రొడక్షన్, టెస్టింగ్, బ్యాకప్‌లు అన్నీ ఒకే అకౌంట్‌లో ఉన్నాయి. పేషెంట్ల డేటా అది, ఇలా వదిలేయడం నాకు అస్సలు ఇష్టం లేదు. సర్వీస్ కంట్రోల్ పాలసీలు (అకౌంట్‌లో ఏం చేయొచ్చో హద్దులు పెట్టే రూల్స్) మేనేజ్‌మెంట్ అకౌంట్‌కి (మిగతా అకౌంట్లన్నిటికీ పైన ఉండేది) వర్తించవు కాబట్టి, దానికోసం కొత్త అకౌంట్ తెరిచి, పాతదాన్ని దాని కింద మెంబర్‌గా చేర్చాలనుకుంటున్నాను. అలా చేరిస్తే నడుస్తున్న సర్వర్లకి ఏమైనా ఆటంకం వస్తుందా? ఇంకోటి, ముంబై, హైదరాబాద్ రీజియన్లు (డేటా సెంటర్లు ఉండే ప్రాంతాలు) తప్ప మిగతావన్నీ బ్లాక్ చేయాలి, కానీ ఐఏఎం (యూజర్ల అనుమతులు చూసేది), రూట్ 53 (డొమైన్ పేర్లు చూసేది) లాంటివి వర్జీనియా రీజియన్ మీద ఆధారపడతాయి కదా, వాటికి మినహాయింపు ఎలా రాస్తున్నారు? లాగ్‌లకి వేరే అకౌంట్ ఎలాగూ పెడతాను. నలుగురే ఉన్న టీమ్‌లో రూట్ (అన్ని అధికారాలూ ఉండే లాగిన్) పాస్‌వర్డ్ ఒకరి దగ్గర, ఎంఎఫ్‌ఏ కీ (పాస్‌వర్డ్‌తో పాటు అడిగే రెండో రుజువు) ఇంకొకరి దగ్గర ఉంచితే సరిపోతుందా? స్వయంగా చేసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.