పంచదార లేని చూయింగ్ గమ్ వల్లే కడుపు ఉబ్బరమా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా ఆయన సంక్రాంతి నుంచి సిగరెట్లు మానేశారు. అంతవరకు సంతోషమే. దాని బదులు ఇప్పుడు పొద్దున కాఫీ తాగిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా నోట్లో చూయింగ్ గమ్ ఆడుతూనే ఉంటుంది. ఆయనకు షుగర్ ఉంది కాబట్టి పంచదార లేనిదే కొంటారు. ఈమధ్య కడుపు ఉబ్బరం, గ్యాస్, అప్పుడప్పుడు విరేచనాలు. ఆవలిస్తే చెవి దగ్గర దవడ టక్కుమంటోంది.

డబ్బా వెనక చూస్తే సార్బిటాల్, మాల్టిటాల్, జైలిటాల్ (పంచదార బదులు తీపి కోసం వేసేవి) అని ఉంది. ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చని అడుగున కంటికి ఆనని అక్షరాల్లో వేశారు. పోషకాలంటారా, చెప్పుకోదగ్గవేమీ లేవు. భోజనం అయ్యాక 20 నిమిషాలు నమిలితే లాలాజలం ఊరి పళ్లకు మంచిదని నాకూ తెలుసు. కానీ ఈయనది నమలడం కాదు, నెమరువేయడం!

ఇంతకీ ఈ ఉబ్బరం సార్బిటాల్ వల్లా, నములుతూ గాలి మింగడం వల్లా? గమ్ తగ్గించాక మీలో ఎవరికైనా ఎన్నాళ్లకు సర్దుకుంది? మెడికల్ షాపులో దొరికే 2 మి.గ్రా. నికోటిన్ గమ్‌కు మారితే మేలా? దాన్ని అదేపనిగా నమలకుండా, కాసేపు నమిలి బుగ్గన పెట్టుకోవాలట. షుగర్ మందులతో పాటు అది వాడినవాళ్లు ఉన్నారా?

వచ్చే వారం డాక్టరు దగ్గరకు వెళ్తున్నాం. ఈలోపు గమ్ మానమంటే మళ్లీ సిగరెట్ ముట్టిస్తారేమోనని నా టెన్షన్. సోంపు, లవంగం ఇచ్చి చూశాను, ఆయనకు ఆనలేదు. ఇంకేమైనా ఉంటే చెప్పండి.